ఇచ్చే వస్తువు పిల్లలే ఎంచుకోవాలి

ప్రశ్న: మా పాపకి 11 ఏళ్లు, బాబుకి 5. పండగ సెలవుల్లో ఇద్దరి చేతా లేని పిల్లలకి ఏమైనా ఇప్పించాలని ఉంది. పోయినేడాది పాత బొమ్మలు తీస్తుంటే బాబు ఒకటే ఏడుపు. పాపేమో ‘నువ్వే ఇచ్చెయ్యమ్మా’ అని ఫోన్లోంచి తలెత్తలేదు. ఈసారి ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: బొమ్మల అలమర జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు పుచ్చుకునేవాళ్లని అడగాలి. పండక్కి 3 వారాల ముందే మీరు అనుకున్న ఆశ్రమానికో, ఆస్పత్రిలో పిల్లల వార్డుకో ఫోన్ చేసి, ఏం కావాలి, ఏం తీసుకోరు, పిల్లలది ఏ వయసు, ఏ రోజు ఏ వేళకి తేవాలి అని కనుక్కోండి. ఈ ఫోన్ మీ పాప చేత చేయించండి. అడగాల్సినవి కాగితం మీద రాసుకుంటే తడబడదు. ఆ వయసు పిల్లలకి పాత బొమ్మలు ఏరడం విసుగు, పెద్దవాళ్ల పని అప్పగిస్తే హుషారు. ఆస్పత్రులు చాలావరకు వాడిన మెత్తటి బొమ్మలు తీసుకోవు, అంటువ్యాధుల భయం కొద్దీ. అడక్కుండా మూట కట్టుకుని వెళ్లి తిరిగి మోసుకొస్తే పిల్లలు మళ్లీ రామంటారు.

బాబు ఏడవడం తప్పేమీ కాదు, అది వాడి బొమ్మ మరి. మూడు పెట్టెలు పెట్టండి: ఉంచుకునేవి, ఇచ్చేవి, ఇంకా తేలనివి. మూడో పెట్టెతోనే గొడవ తగ్గుతుంది. అందులో వేసినవాటిని వారం కదపకుండా ఉంచి, మళ్లీ అడగండి. ‘ఏమిస్తావు?’ అంటే వాడికి తోచదు, ‘ఈ రెండిట్లో ఏది?’ అనండి. ఒక విడతకి 20 నిమిషాలు చాలు. ఒక్కటే ఇస్తానంటే ఒక్కటే. వాడు నిద్రపోయాక చాటుగా తీసేయడం మాత్రం వద్దేవద్దు. తెలిసిన రోజున, ఇవ్వడమంటే పోగొట్టుకోవడమేనని వాడి మనసులో పడిపోతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లు నిండని పిల్లలు సైతం తాము పుచ్చుకున్నప్పటికన్నా ఇచ్చినప్పుడే ఎక్కువ సంతోషం చూపారు. అదీ తమ వాటాలోంచి తీసి ఇచ్చినప్పుడు మరీను. ఆ సంతోషం దక్కాలంటే ఇచ్చేది వాళ్లదై ఉండాలి, ఇచ్చేదీ వాళ్లే అయి ఉండాలి.

సర్దేటప్పుడు పజిల్ ముక్కలు లెక్కపెట్టించండి, ఒకటి తగ్గినా అది పనికిరాదు. బొమ్మల్లో పాత సెల్స్ తీసేయండి, కారితే లోపల రేకు తుప్పు పట్టిపోతుంది. బిళ్ల సెల్ గూటికి స్క్రూతో బిగించే మూత లేకపోతే ఆ బొమ్మ ఎవరికీ ఇవ్వొద్దు. ఆ సెల్ మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవచ్చు. చిన్న చిన్న ముక్కలున్నవి 3 ఏళ్లలోపు పిల్లలకి చేరకూడదు, అందుకని సంచి మీద వయసు రాయించండి. బట్టలు ఉతికి, జిప్పులూ గుండీలూ చూసి మడతపెట్టండి. మీ చుట్టాల పిల్లలకి ఇవ్వడానికి మనసొప్పని వస్తువు వీళ్లకీ వద్దు.

ప్రశ్న: ఇస్తే కొత్త బొమ్మ కొంటామని ఆశపెట్టొచ్చా? అందిస్తుండగా ఫొటో తీయొచ్చా?

జవాబు: రెండూ వద్దు. 20 నెలల పిల్లల మీద మనస్తత్వ పరిశోధకులు వార్నెకెన్, టొమాసెల్లో చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, సాయానికి బదులుగా వస్తువు అందుకున్న పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు. మెచ్చుకోలు మాత్రమే అందినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. కాబట్టి ఓ మంచిమాట చాలు. డబ్బు ఇచ్చేట్టయితే, వాళ్లు కిడ్డీబ్యాంకులోంచి ఎంత తీస్తే మీరూ అంత కలపండి.

ఇక ఫొటో. పుచ్చుకుంటున్న మొహం రేపు వాళ్ల బడిలో ఎవరైనా చూస్తే ఆ పిల్ల ఎంత చిన్నబుచ్చుకుంటుందో! అంతగా కావాలంటే ఇంట్లో సంచులు సర్దుతున్నప్పుడు తీసుకోండి. సంచి ఇచ్చి వచ్చేటప్పుడు, సెలవులయ్యాక ఏం తక్కువవుతాయో పిల్లల చేతే అడిగించి రాసుకోండి. పండగప్పుడు తెచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ తర్వాతి నెలల్లోనే అరలు ఖాళీ అవుతాయి.