మూడు పూటలా క్యాంపస్ మెస్‌లోనే తింటూ ఆరోగ్యంగా ఉండడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హాస్టల్ గదిలో వండుకునే వీల్లేదు, మెస్‌కి డబ్బు ముందే కట్టేశారు, కాబట్టి తిన్నా తినకపోయినా అక్కడే. బరువు పెరుగుతోంది, మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయి. ఏం తినాలి, ఏం మానాలి?

మానాల్సిన వాటి జాబితా రాసుకుని మొదలుపెడితే వారం తిరక్కుండానే వదిలేస్తారు. అంతకంటే ముందు పెద్ద వంటగది ఎలా నడుస్తుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే. అక్కడ వందల మందికి ఒకేసారి వండి, గంటన్నర, రెండు గంటలపాటు వేడిగా నిలబెట్టాలి. అన్నం, రొట్టె, బంగాళాదుంప, నూనె తేలే చిక్కటి గ్రేవీ, వేపుళ్లు అలా నిలబడతాయి, ఖర్చూ తక్కువ. ఆకుకూర, బీన్స్, క్యాబేజీ లాంటివి అరగంటకే రంగు మారి మెత్తబడిపోతాయి. గుడ్డు, చేప, మాంసం ఖరీదు. అందుకే ఏమీ ఆలోచించకుండా పెట్టుకుంటూ పోతే ఎవరి కంచంలోనైనా మూడొంతులు పిండిపదార్థం, దాని మీద నూనె ఉంటాయి. కొరవడేవి ఎప్పుడూ ఆ నాలుగే: ప్రొటీన్, కూరగాయలు, పండు, పీచు. ముందు వీటిని కంచంలోకి చేర్చి, మిగిలిన చోటే అన్నానికో రొట్టెకో ఇవ్వండి. ఈ వరస తిరగబడితే ఎంత మంచి మెస్ అయినా ఒకటే.

ఆచరణలో ఇలా: కంచం తీసుకోకుండా ఒకసారి కౌంటర్లన్నీ చూసి రండి. లైన్‌లో అన్నం మొదట ఉండడం వంటగది సౌకర్యం కోసం, మీ కోసం కాదు. చూసొచ్చాక కంచంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, పావు వంతు అన్నం లేదా రొట్టె. బంగాళాదుంప కూర ఈ లెక్కలో కూరగాయ కాదు, అన్నం వాటాలోకే వస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే. ‘కూర వేసుకున్నానుగా’ అనుకుంటారు, కంచంలో ఉన్నదంతా పిండే.

ప్రొటీన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్లకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.8 గ్రాములు కనీసం. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. జిమ్ములో బరువులెత్తేవాళ్లకు ఇంకా కావాలి, కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములదాకా. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో 6 నుంచి 7, 200 గ్రాముల పెరుగులో 7 చిల్లర, 100 గ్రాముల వండిన చికెన్‌లో 25 నుంచి 30, గుప్పెడు అంటే 30 గ్రాముల వేరుశనగల్లో 7. ఉడికించిన శనగలో, రాజ్మానో, చిక్కటి పప్పో కప్పు నిండా (దాదాపు 200 గ్రాములు) తింటే 15 నుంచి 18. అన్నం, రొట్టెల నుంచి రోజు మొత్తం మీద మరో 15 వరకు వస్తాయి. అంటే రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, ఒక కప్పు పెరుగు, ఒక కప్పు పప్పుతో లెక్క 50 దాటిపోతుంది. పౌడర్ డబ్బా కొనాల్సిన అవసరం చాలామందికి లేదు.

చిక్కల్లా ఆ ‘చిక్కటి పప్పు’ దగ్గరే. మెస్‌లో పప్పు జనం పెరిగే కొద్దీ పలచబడుతుంది. పైన తేరిన నీళ్లు గరిటెతో వేసుకుంటే కప్పులో సగం ప్రొటీన్ కూడా ఉండకపోవచ్చు. గరిటెను అడుగుదాకా దించి, ఒకసారి కలిపి, అడుగు నుంచి తీయండి. వడ్డించేవాళ్లు ఉంటే ‘అడుగు నుంచి వేయండి’ అని అడగడానికి మొహమాటపడొద్దు. గ్రేవీలకు దీనికి వ్యతిరేకం: నూనె పైకి తేలుతుంది కాబట్టి గరిటెను గిన్నె అంచుకు ఆనించి రెండు క్షణాలు వంచితే పైనూనె జారిపోతుంది. ఒక పెద్ద చెంచా నూనె 14 గ్రాములు, 120 కిలో క్యాలరీలు. రెండు పూటలా ఇలా చెంచా చొప్పున వదిలించుకున్నా వారానికి ఎంత తగ్గుతుందో మీరే వేసుకోండి.

అన్నం మానేయమని చెప్పను. వండిన అన్నం 100 గ్రాములకు 130 కిలో క్యాలరీలు. గుట్టగా పెట్టుకున్న కంచంలో తేలిగ్గా 400 గ్రాములుంటుంది, అంటే 500 పైనే. దాన్ని 150, 200 గ్రాములకు, అంటే ఓ కప్పు పైచిలుకుకు తెచ్చుకుంటే చాలు. కానీ అన్నం తగ్గించి, ఆ ఖాళీలో ప్రొటీనూ కూరా పెట్టకపోతే నాలుగింటికల్లా ఆకలి వేసి బిస్కెట్ ప్యాకెట్ చింపుతారు. ‘డైట్ చేస్తున్నా బరువు తగ్గట్లేదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ నాలుగింటి ప్యాకెట్టే.

కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బంగాళాదుంప లాంటి పిండి దుంపలు ఇందులో లెక్కకు రావు. 80 గ్రాములంటే ఇంచుమించు ఒక గుప్పెడు, కాబట్టి రోజుకు ఐదు గుప్పెళ్లు: మధ్యాహ్నం రెండు, రాత్రి రెండు, పండు ఒకటి. మెస్ తెరిచిన మొదటి అరగంటలో వెళ్లండి. అప్పుడు కూర ఇంకా కూరలాగే ఉంటుంది. వేడి మీద గంటలకొద్దీ ఉంచితే విటమిన్ సి లాంటివి తగ్గిపోతూనే ఉంటాయి, రుచీ పోతుంది, రుచి పోయినదాన్ని ఎవరూ రెండో గరిటె వేసుకోరు. ఆఖరి పావుగంటలో వెళ్లి ‘మా మెస్‌లో కూరలు బాగుండవు’ అనడం కొంచెం అన్యాయమే.

సలాడ్ కౌంటర్ దగ్గర రెండు ఉచ్చులు. ఒకటి డ్రెస్సింగ్. మయొనీస్ పెద్ద చెంచాకు 90 నుంచి 100 కిలో క్యాలరీలు, అక్కడుండే గరిటెలో అలాంటివి రెండు మూడు పడతాయి. పక్కన చిన్న గిన్నెలో వేసుకుని ముక్కను అందులో అద్దుకుని తింటే మూడో వంతుతో సరిపోతుంది. నిమ్మరసం, మిరియాలపొడి ఉంటే ఆ గొడవే లేదు. రెండోది ఎప్పుడో కోసిపెట్టిన ముక్కలు. అంచులు ఎండినా, జిగురు పట్టినా, అడుగున నీరు చేరినా వదిలేయండి. ఆ రోజుకు పండు కోయకుండా పూర్తిగా తీసుకోవడమే మేలు.

బరువు పెరగడంలో కంచంకంటే గ్లాసుదే పెద్ద పాత్ర కావచ్చు. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ డబ్బాలో చక్కెర దాదాపు 35 గ్రాములు. 2,000 కిలో క్యాలరీలు తినే మనిషికి పైనుంచి కలిపిన చక్కెర 50 గ్రాములు మించకూడదని, 25 గ్రాముల లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పండ్లరసంలోని చక్కెర కూడా ఆ హద్దులోకే వస్తుంది, ‘పండే కదా’ అనుకోవద్దు. రసం తీసేటప్పుడు పీచు చాలావరకు పోతుంది. కూల్‌డ్రింకులు ముట్టనివాళ్లు టీ దగ్గర దొరికిపోతారు: కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 8 గ్రాములు, రోజుకు ఐదు కప్పులంటే 40. ఒక్కసారిగా చక్కెర మానేస్తే టీ గొంతు దిగదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ పోతే నెలకు అలవాటవుతుంది.

మధ్యాహ్నం నిద్ర విషయం. భారీ భోజనం దాన్ని పెంచుతుంది. అన్నం తగ్గించి, ప్రొటీన్, కూర పెంచితే చాలామందికి తేడా తెలుస్తుంది. కానీ ఆ వేళకు శరీరం సహజంగానే కాస్త మందగిస్తుంది, పైగా రాత్రి ఐదు గంటలే పడుకుంటే ఏ తిండీ దాన్ని సరిచేయలేదు. దానికి కాఫీ మందు అనుకుంటే ఇంకో చుట్టు తిరుగుతారు. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, సాయంత్రం ఆరింటికి తాగింది పదకొండుకు ఇంకా సగం మిగిలే ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు పై హద్దు. కప్పు కాఫీలో 80 నుంచి 100, 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింక్‌లో 80 దాకా ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఆపేయడం మంచి నియమం.

ఉదయం టిఫిన్ ఎగ్గొట్టేవాళ్లకు ఉపదేశం చేయను. పొద్దున ఆకలి లేనివాళ్లు ఉంటారు, అదేం నేరం కాదు. కానీ పదకొండింటికి క్యాంటీన్‌లో సమోసాయో పఫ్ఫో తప్పనిసరి అవుతుంటే మాత్రం ఎగ్గొట్టడం మీకు పనికిరావడం లేదని అర్థం. తొమ్మిది నిమిషాలు కూడా లేనప్పుడు ఒక గ్లాసు పాలు, ఒక పండు, ఉడికించిన గుడ్డు చాలు. కూర్చుని తినే వీలుంటే 40 గ్రాముల ఓట్స్ (అర కప్పు), 200 మిల్లీలీటర్ల పాలు, గుప్పెడు వేరుశనగలు. డబ్బాల్లోని తియ్యటి సీరియల్స్ వెనక 100 గ్రాములకు చక్కెర ఎంతో చూడండి. 5 గ్రాముల లోపైతే తక్కువ, 22.5 దాటితే ఎక్కువ అని బ్రిటన్‌లో ప్యాకెట్ల మీద వాడే కొలత, ఎక్కడైనా పనికొస్తుంది.

మాంసాహారం తిననివాళ్లు రెండు పోషకాలు చూసుకోవాలి. ఇనుము: పప్పులు, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడం కష్టం, పక్కన నిమ్మరసమో, టమాటోనో, విటమిన్ సి ఉన్న పండో ఉంటే బాగా పడుతుంది. భోజనంతోపాటే టీ, కాఫీ తాగితే తగ్గుతుంది, గంట ఆగి తాగండి. నెలసరి వచ్చే అమ్మాయిలకు అబ్బాయిలకంటే చాలా ఎక్కువ ఇనుము కావాలి కాబట్టి వాళ్లు దీన్ని మరీ తేలిగ్గా తీసుకోకూడదు. నీరసం తగ్గకపోతే మాత్రలు సొంతంగా మింగకుండా ముందు రక్తపరీక్ష చేయించండి. విటమిన్ బి12: పాలు, గుడ్లు కూడా మానేసినవాళ్లకు మామూలు మొక్కల తిండి నుంచి నమ్మకంగా అందే దారి లేదు. విటమిన్ కలిపిన ఆహారమో మాత్రో ఉండాల్సిందే.

శుభ్రత గురించి రెండు ముక్కలు. వేడి వంటకం 60 డిగ్రీల పైన ఉండాలి, అంటే మూత తీస్తే ఆవిరి కనిపించాలి. గోరువెచ్చగా ఉన్న మాంసం, గుడ్ల కూర, అన్నం ప్రమాదం. అన్నంలో కొన్ని క్రిముల బీజాలు ఉడికినా చావవు, బయట గంటల తరబడి ఉంటే పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. మధ్యాహ్నం డబ్బాలో పెట్టుకుని రాత్రి గదిలో తినే అలవాటు ఉంటే, ఫ్రిజ్ లేనప్పుడు అది మానేయండి. అలర్జీ ఉన్నవాళ్లు వంటకంలో ఏముందని అడిగితే సరిపోదు. ఒకే నూనెలో వేయించారా, గరిటె ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మారుతోందా అని కూడా అడగాలి.

రాత్రి మెస్ ఎనిమిదికి మూసేసి, చదువు ఒంటిగంటదాకా సాగేవాళ్లకు గదిలో ఒక చిన్న డబ్బా తప్పదు: వేయించిన శనగలు, వేరుశనగలు, పాలపొడి, పండు. గింజలను ప్యాకెట్‌లోంచి నేరుగా తినొద్దు, 30 గ్రాములు చేతిలో పోసుకుని మూత పెట్టేయండి. చదువుతూ తింటే ప్యాకెట్ ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు. ఇన్‌స్టంట్ నూడుల్సే దిక్కైన రోజున మసాలా పొట్లం సగమే వేయండి, ఉప్పు చాలావరకు అందులోనే ఉంటుంది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అనే హద్దులో ఒక్క ప్యాకెట్‌తోనే సగం దాటడం మామూలే. మెస్‌లోంచి ఓ ఉడికిన గుడ్డు తెచ్చి కలుపుకుంటే అది కొంతైనా భోజనమవుతుంది.

ఫోన్ యాప్‌లో క్యాలరీలు లెక్కించే ప్రయత్నం గురించి: మెస్ కూరలో నూనె ఎంత పడిందో యాప్‌కి తెలియదు, మీకూ తెలియదు. ఆ అంకెలు చూసి కంగారుపడేకంటే, నాలుగు వారాలకోసారి నడుము కొలత చూసుకోవడం నయం.

ఇక మెస్ కమిటీకి చెప్పడం. ‘ఆరోగ్యకరమైన తిండి పెట్టండి’ అని రాస్తే ఏమీ మారదు, ఎందుకంటే వంటవాళ్లకు దాంతో చేయడానికి పనేమీ లేదు. చేయదగిన పని అడగండి: నీళ్లకు పప్పు నిష్పత్తి ఇంత ఉండాలని, డ్రెస్సింగ్ విడిగా పెట్టాలని, బంగాళాదుంప ఉన్న రోజున ఇంకో కూర కూడా ఉండాలని, తీపి బదులు వారానికి మూడు రోజులు పండు ఇవ్వాలని. అన్నిటికంటే ముందు అడగాల్సింది కూరగాయలు ఒకేసారి కాకుండా రెండు విడతలుగా వండడం. కోసి సిద్ధంగా పెట్టుకుని, రెండో సగాన్ని భోజనాల మధ్యలో పొయ్యి మీదికి ఎక్కిస్తారు. సరుకు ఖర్చు పెరగదు, ఒక మనిషి మరో ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర ఉండాలి, అంతే. ఆలస్యంగా వచ్చేవాళ్లకు కూడా పచ్చగా ఉన్న బీన్స్ దొరుకుతాయి, మిగిలిపోయి పారబోసేదీ తగ్గుతుంది. కమిటీతో మాట్లాడేటప్పుడు ఈ పారబోత మాటే ముందు ఎత్తండి.