వెనక సందు కూడా రాయి

అమ్మాయీ, ఆశీస్సులు.

బెంగళూరు మల్లేశ్వరం పాత ఇళ్ల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడిచింది. కానీ మూడు పేజీల్లో ‘వైభవం’ అన్న మాట ఆరుచోట్ల వచ్చింది. ఆ పేటను నింపింది భయమమ్మా. 1898లో ఊళ్లోకి ప్లేగు వచ్చింది. గోడకు గోడ ఆనుకున్న పాత పేటలో ఎలుకలు రాలిన ఇళ్లలోనే మనుషులూ రాలిపోయారు. బతికినవాళ్ల కోసం ఉత్తరాన మల్లేశ్వరం, దక్షిణాన బసవనగుడి లేచాయి. మెయిన్ రోడ్లూ, వాటిని అడ్డంగా కోసే క్రాస్ రోడ్లూ దారం పట్టి గీసినట్టు ఉండటానికీ, ఇంటి చుట్టూ జాగా వదలడానికీ కారణం అదే. నువ్వు దర్జా అని రాసిన ఆ ఖాళీ, గాలి ఆడటానికి వదిలింది.

కిటికీ మీది ‘మంకీ టాప్’ను ‘చూడముచ్చటగా ఉంది’ అని వదిలేశావు. దాని కింద కాసేపు నిలబడు. సన్నటి చెక్క పట్టీలు నిలువుగా వరుసగా కొట్టి, పైన కోసుగా తేల్చిన చూరు అది. జల్లునీ ఏటవాలు ఎండనీ ఆపుతుంది, గాలిని రానిస్తుంది. పడమటి కిటికీ అయితే సాయంత్రం ఆ పట్టీల నీడ ఎర్ర గచ్చు మీద గీతలు గీతలుగా పడుతుంది. ఆ పేటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఇక అసలు సంగతి. రెండు వరుసల ఇళ్ల వెనక సన్నటి సందు ఉంటుంది, కన్సర్వెన్సీ లేన్. మరుగుదొడ్లు ఆ వైపు ఉండేవి. వాటిలోని మలం ఎత్తిపోసే మనుషులు వీధి గుమ్మం ఛాయలకు రాకుండా అటే వచ్చి అటే వెళ్లాల్సి వచ్చేది. గాలికి ఎంత జాగా కావాలో లెక్కేసిన చేతులే, ఈ మనుషులు ఎవరి కంటా పడకుండా ఎటు నడవాలో కూడా గీశాయి.

నీ వయసులో బసవనగుడి మీద నేనూ రాశాను. అరుగులు, స్తంభాలు, జాజి పందిరి అన్నీ పెట్టాను, సందు పెట్టలేదు. అచ్చయ్యాక ఆ ఇంటి పెద్దావిడ తెలుగులోనే అడిగింది: “పెరటి తలుపు సంగతి రాయలేదేం నాయనా? అది తీసినప్పుడల్లా మా అత్తగారు మొహం తిప్పుకునేవారు.” ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే బాధేస్తుంది.

కొన్ని సందులు మూసుకుపోయాయి. మిగిలినవి ఉండగానే వెళ్లు. టేపు పట్టుకెళ్లి వెడల్పు కొలిచి రాసుకో. పెరటి గోడలో తలుపు పూడ్చిన ఆనవాలు, వేరే రంగు ఇటుకల వరుస, కనిపిస్తే ఫొటో తీసి నాకు పంపు.

నీ మాస్టారు