రెజ్లర్ క్రిస్ బెన్వా మ్యాచ్‌లు వెతికితే రావడం లేదన్న ప్రశ్నకు

పేరుతో వెతుకుతున్నారు కాబట్టే రావడం లేదు. 2007 జూన్‌లో భార్యను, ఏడేళ్ల కొడుకును చంపి ఆత్మహత్య చేసుకున్నాక, రెజ్లింగ్ షోలు నడిపే సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ఆయన ప్రస్తావనే మానేసింది. పాత షోలలో మ్యాచ్‌లు మాత్రం ఉన్నాయి.

1. షో పేరు, సంవత్సరం కొట్టండి. మీరడిగిన ఆయన ఛాంపియన్ టైటిల్ గెలుపు రెసిల్‌మేనియా 20 షోలో, 2004 మార్చి 14న. ఆ షోలో చిట్టచివరి మ్యాచ్ అదే, నేరుగా అక్కడికి జరపండి. బెన్వా క్రాస్‌ఫేస్ (మొహాన్ని వెనక్కి లాగే పట్టు) వేస్తే, ప్రత్యర్థి ట్రిపుల్ హెచ్ ట్యాప్ చేస్తాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుంటాడు.

2. దానికి ముందు 2004 రాయల్ రంబుల్, రెజ్లర్లు నంబర్ల వరుసలో ఒకరి తర్వాత ఒకరు బరిలోకి దిగే మ్యాచ్. మొదటి నంబరుతో దిగి గంటకు పైగా నిలిచి గెలిచాడు.

3. చాలామంది వదిలేసేది జపాన్ కాలం. అక్కడ బెన్వా అన్న పేరే వాడలేదు. మొదట మాస్క్‌తో పెగసస్ కిడ్, తర్వాత వైల్డ్ పెగసస్. ఈ రెండు పేర్లతోనే వెతకండి. 1994 సూపర్ జె కప్ టోర్నీ ఫైనల్, జపాన్ రెజ్లర్ గ్రేట్ సాసుకేతో, తప్పకుండా చూడాలి. టాప్ రోప్ మీంచి తల ముందుపెట్టి దూకే ఆ డైవింగ్ హెడ్‌బట్‌ని గమనించండి. ఏళ్ల తరబడి అదే చేశాడు.

ఆ హత్యలకు స్టెరాయిడ్లే కారణమా అని కూడా అడిగారు. టెస్టోస్టెరాన్ మోతాదు ఎక్కువగా ఉన్నట్టు తేలింది గానీ, హత్యలకు అదే కారణమని రుజువు కాలేదు. తర్వాత మెదడు కణజాలాన్ని పరీక్షిస్తే, తలకు పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బు తీవ్రంగా కనిపించింది. అదొక్కటే కారణమనీ చెప్పలేం.