క్రూయిజ్ క్షిపణిని వదలడానికి బాంబర్ విమానం లక్ష్యం దాకా వెళ్లాలా?

అక్కర్లేదు, చాలాసార్లు బాంబర్ తన సొంత గగనతలంలోంచే క్షిపణిని వదిలి వెనక్కి తిరుగుతుంది. క్షిపణికి సొంత జెట్ ఇంజిన్, ఇంధనం, రెక్కలు ఉంటాయి. విమానం నుంచి విడిపోయాక కాస్త కిందికి జారి, మడతపెట్టిన రెక్కలు విచ్చుకుని, ఇంజిన్ అందుకుంటుంది. ఆపైన నేలకు కొన్ని పదుల మీటర్ల ఎత్తులోనే, ముందే ఎక్కించిన దారిలో మలుపులు తిరుగుతూ పోతుంది. అంత కిందుగా ఎగరడానికి కారణం భూమి వంపు: నేలమీది రాడార్‌కు అది బాగా దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఉపగ్రహ సంకేతాలను జామ్ చేసినా, చాలా రకాలు కింది నేల ఎత్తుపల్లాలను తమలోని మ్యాప్‌తో పోల్చుకుని దారి సరిచేసుకుంటాయి.

ఉక్రెయిన్ యుద్ధమే చూడండి. రష్యా టీయూ-95ఎంఎస్ బాంబర్లు కాస్పియన్ సముద్రం మీది నుంచి కేహెచ్-101 క్రూయిజ్ క్షిపణులు వదిలాయి. అక్కణ్నుంచి కీవ్ వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. గంటకు 700 కిలోమీటర్ల వేగం అనుకున్నా, వంకర దారి కాబట్టి రెండు గంటలు దాటుతుంది. కీవ్‌లో సైరన్లు ముందుగానే మోగించే వీలుండేది అందుకే.

చాలామంది పొరబడేది వేగం దగ్గర. క్రూయిజ్ క్షిపణులన్నీ ధ్వనికంటే వేగంగా పోవు. బ్రహ్మోస్ లాంటివి పోతాయి గానీ, కేహెచ్-101, బ్రిటన్-ఫ్రాన్స్‌ల క్షిపణి స్టార్మ్ షాడో రెండూ ప్రయాణికుల విమానమంత వేగంతోనే వెళ్తాయి. గుర్తిస్తే కూల్చడం సాధ్యమే, గుర్తించడమే కష్టం.