నీ కథలో నాన్న, యానాం బస్సు

అబ్బాయ్,

నీ కథ వాట్సాప్‌లో వచ్చి పది రోజులైంది, వెంటనే రాయలేదని ఏమీ అనుకోకు. మొదటిసారి ఫోన్లోనే చదివేశాను. రెండోసారి వీధి చివర జిరాక్స్ కొట్లో ప్రింట్ తీయించుకుని చదివాను, పద్దెనిమిది పేజీలు. మూడోసారి మొదలుపెట్టి పదమూడో పేజీ దగ్గర ఆపేశాను, ఎందుకో తర్వాత చెప్తాను. ముందు నన్ను మాస్టారూ అనడం మానెయ్. నేనెవరికీ పాఠం చెప్పలేదు, ముప్పై మూడేళ్ళు గవర్నమెంట్ ఆఫీసులో ఫైళ్ళు మోసి రిటైరైనవాణ్ణి, మధ్యలో కొన్ని కథలు రాశాను, అవి అచ్చయ్యాయి, అంతే. బాబాయ్ అని పిలువు, సరిపోద్ది.

బాగుందా లేదా అని అడిగావు. సగం బాగుంది. ఆ సగం ఇస్త్రీ సీను. తల్లి పోయిన నెల తిరక్కుండానే ఆ పిల్ల స్కూల్ యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకోబోయి కాలర్ కాల్చేసుకుంటుంది, ఆ మచ్చ కనపడకుండా జడ ముందుకేసుకుని స్కూలుకెళ్తుంది, తండ్రి అక్కడే పేపర్ చదువుతుంటాడు, చూడడు. అక్కడ నువ్వు ఏడవలేదు, పిల్లని ఏడిపించలేదు. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నవాళ్ళకి కూడా అలా ఆగడం చేతకాదు, నాకైతే ఇప్పటికీ చేతకాదు.

గొడవంతా తండ్రితోనే. నీ తండ్రి తాగుతున్నా చాలా అందంగా ఉన్నాడయ్యా. రోజూ రాత్రి డాబా మీద, వెన్నెల్లో, పెళ్ళాం ఫోటో ముందు పెట్టుకుని, గ్లాసులోకి ఒక్కో బొట్టూ కన్నీళ్ళు. ఫోటో ముందు కూర్చుని తాగేవాడు సినిమాలో ఉంటాడు. ఇంట్లో ఉండేవాడు ఆ ఫోటో ఉన్న గదిలోకే వెళ్ళడు, పెరట్లో మోటారు గదిలో నిలబడి రెండు గుక్కల్లో కానిచ్చేసి సీసా నీళ్ళ తొట్టి వెనకాల పెట్టి, నోట్లో ఇన్ని సోపుగింజలు వేసుకుని ఏమీ ఎరగనట్టు వచ్చి పిల్ల హోంవర్క్ చూస్తానంటాడు. పిల్ల పుస్తకం ఇవ్వదు. అయిపోయిందని అబద్ధం చెప్తుంది, ఎందుకంటే వాసన.

నాకెలా తెలుసంటే ఆ తోపుగాణ్ణి నేనే కాబట్టి. ఈ ముక్క నేను ఎక్కడా రాయలేదు, నీకు రాస్తున్నాను, నీ కథ కాకినాడలో 1996లో పెట్టావు కాబట్టి.

మా ఆవిడ ఆ ఏడాది జూన్‌లో పోయింది. జ్వరమన్నారు, మెదడుకెక్కిందన్నారు, ఆరు రోజులు. ఇరవై తొమ్మిదేళ్ళు దానికి. పిల్లకి తొమ్మిది. శవానికి పసుపు రాసి కుంకుమ పెట్టి పట్టుచీర కట్టి పూలు పెట్టారు, వచ్చిన ఆడవాళ్ళందరూ పునిస్త్రీగా పోయింది అదృష్టవంతురాలు అన్నారు, నువ్వు కూడా రాశావు ఆ మాట, బానే రాశావు. రాయంది ఏంటంటే ఆ మాట పిల్ల వింటుంది. వాళ్ళమ్మ చచ్చిపోవడం అదృష్టం ఎలా అవుద్దో తొమ్మిదేళ్ళ పిల్లకి ఎవరు చెప్తారు. నన్నడిగింది ఓసారి, నేను సంచీ సర్దుకునే తొందర్లో ఉన్నాను.

ఇంకోటి గమనించు. మొగుడు పోయిన ఆడదాని బొట్టూ గాజులూ తీసేయడం లాంటి దుర్మార్గం ఇంకోటి లేదు, అందులో వాదన లేదు. పెళ్ళాం పోయిన మగాడికి మాత్రం ఏ గుర్తూ ఉండదు. కర్మ చేసినప్పుడు గుండు చేయించుకుంటాడు, దాని మీద జుట్టు మొలిచేసరికి ఊరు మర్చిపోద్ది. పదహారో రోజు నేను ఆఫీసులో కూర్చుని స్టాంపులు గుద్దుతున్నాను. రెండో నెల్లో సంబంధాలు మొదలెట్టారు, పిల్లదాని కోసమైనా చేసుకోరా అని. నీ కథలో పెళ్ళి మాటే రాలేదు, అది పెద్ద లోటు, ఎందుకంటే ఆ మాటలు హాల్లో జరుగుతుంటే పిల్ల వంటింట్లో ఉంటుంది, మన ఇళ్ళల్లో తలుపులు ఎక్కడ వేస్తారు?

ఇప్పుడు నీ తప్పు. తండ్రి మెయిన్‌రోడ్‌లో వైన్‌షాపుకెళ్ళి ఫుల్ బాటిల్ కొన్నాడని రాశావు. 1996లో వైన్‌షాపు ఎక్కడుందిరా నాయనా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు, ఆ గొడవ రాష్ట్రమంతా పాకి 1993లో సారా బంద్ అయింది, 1995 జనవరిలో ఎన్టీరామారావు మొత్తం మద్యం మీదే నిషేధం పెట్టాడు, 1997లో ఎత్తేసేదాకా అదే. మాలాంటివాళ్ళ పెళ్ళాలూ పిల్లలూ రోడ్డెక్కి తెచ్చుకున్న చట్టం అది. కాకినాడవాళ్ళకి మాత్రం ముప్పై కిలోమీటర్ల దూరంలో యానాం ఉంది, అది పుదుచ్చేరి కింద, అక్కడ నిషేధం లేదు. కోరంగి, తాళ్ళరేవు మీదుగా బస్సు. తిరిగొచ్చేటప్పుడు ఎక్సైజువాళ్ళు సంచీలు వెతికేవాళ్ళు, కడుపులో ఉన్నదాన్ని ఎవడు పట్టుకుంటాడు. అదృష్టం బాగుండి సంచీ వెతక్కపోతే మోటారు గదిలోకి నాలుగు రోజుల సరుకు.

ఇది నీకు తేదీ తప్పు లాగా అనిపిస్తుందేమో, కాదు, నీ కథ మొత్తం ఇక్కడే మారిపోద్ది. సందు చివర కొట్టుంటే మనిషి దుఃఖంలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు పాపం అనుకోవచ్చు. యానాం వెళ్ళాలంటే హాఫ్ డే లీవు పెట్టాలి, బస్ టైం చూసుకోవాలి, పిల్లకి అబద్ధం చెప్పాలి, చిల్లర లెక్కపెట్టుకోవాలి. అంత ప్లానింగు చేయగలిగినవాడు పిల్ల కాలర్ చూడలేకపోయాడా? చూడలేక కాదు. మొదటి మూడు నెలలు నాది దుఃఖమే, ఒట్టేసి చెప్తాను, ఆ తర్వాత అలవాటు, దానికి మా ఆవిడ పేరు పెట్టుకున్నాను. చచ్చిపోయినవాళ్ళ పేరు మీద పెన్షన్ డ్రా చేసేవాళ్ళని ఆఫీసులో పట్టుకునేవాళ్ళం మేము, నేను చేసింది సరిగ్గా అదే. నీ తండ్రి దుఃఖం ఎక్కడ అయిపోయి తాగుడు ఎక్కడ మొదలైందో ఆ గీత నీకు తెలియాలి. రాయక్కర్లేదు, కానీ తెలియాలి. పిల్లకి తెలుసు.

ఓసారి కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గ చదువు, తెలుగు తాత్పర్యం దొరుకుద్ది. నారదుడి వీణ మీంచి దండ జారి పడి ఇందుమతి చచ్చిపోద్ది, మొగుడు అజమహారాజు ఏడుస్తాడు, నువ్వే ఇల్లాలివి, మంత్రివి, స్నేహితురాలివి అని, చాలా శ్లోకాలు. వశిష్ఠుడు శిష్యుడితో ఓదార్పు కబురు పంపినా ఎక్కదు. జువ్విమొక్క మేడలోకి వేళ్ళు దించి చీల్చేసినట్టు ఆ శోకం గుండెని చీల్చిందంటాడు కాళిదాసు, మన పాత ఇళ్ళ గోడల్లో రావిమొక్క మొలవడం చూసినవాడికి ఆ పోలిక ఇంక వదలదు. కొడుకు చిన్నవాడని ఎనిమిదేళ్ళు ఎలాగో బతికి, వాడు ఎదగ్గానే తిండి మానేసి గంగా సరయూ కలిసేచోట ప్రాణం వదిలేస్తాడు. అయితే ఏడుపుకి అన్ని శ్లోకాలిచ్చినాయన ఆ ఎనిమిదేళ్ళనీ ఒక్క శ్లోకంలో దాటించేశాడు, భార్య బొమ్మలు చూసుకుంటూ కలల్లో కలుసుకుంటూ గడిపాడని. ఆ కొడుకు దశరథుడు, వాడు ఆ ఎనిమిదేళ్ళూ ఏం చూశాడో లేదు. తండ్రి నీకోసమే బతుకుతున్నాడు, నువ్వు పెద్దవగానే చచ్చిపోతాడు అని తెలిసిన పిల్లాడు పెద్దవ్వాలనుకుంటాడా? ముసలితనంలో ఆ దశరథుడే కొడుకు అడవికెళ్తే బెంగతో పోయాడు కదా, ఇంట్లో చూసి నేర్చుకున్నాడేమో, ఇది నా పైత్యంలే. నీ కథ ఉండాల్సింది మాత్రం ఆ ఎనిమిదేళ్ళలో.

బెంగతో పోవడం అన్నానుగా, అది ఉత్తమాట కాదు. ఇంగ్లండులో 55 దాటిన, భార్య పోయిన మగాళ్ళని 4,486 మందిని లెక్క తీసి 1969లో అచ్చేశారు, మొదటి ఆరు నెలల్లో మామూలు కంటే 40 శాతం ఎక్కువమంది పోయారు, ఎక్కువగా గుండెజబ్బులతో. ఎందుకని నన్నడిగితే నా లెక్క నాది, బీపీ బిళ్ళ ఎక్కడుందో ఆవిడకే తెలుసు, పొద్దున్న ఏం తినాలో ఆవిడే చెప్పేది. మనిషి తనని తాను పాడుచేసుకోవడమంటే సీసా ఒక్కటే కాదు. నేను ఏడాదిన్నర పన్నునొప్పితో తిరిగాను, డాక్టర్ దగ్గరికెళ్తే బాగైపోద్దని. ఇలాంటివి పెట్టు, డాబా తీసెయ్, వెన్నెల తీసెయ్.

పదహారో పేజీలో కూతురు ఏడ్చింది, తండ్రి సీసా గోడకేసి కొట్టాడు, మర్నాడు పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టాడు. రోజూ తాగేవాడు ఠక్కున ఆపితే దీపం పెట్టలేడు, అగ్గిపుల్ల పట్టుకోలేడు. ఆరేడు గంటలకే చేతులు వణుకుతాయి, చెమట, వాంతులు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, మూడో రోజుకి లేనివి కనపడతాయి, ప్రాణం కూడా పోవచ్చు, అందుకే డాక్టర్లు ఇంట్లో ఆపొద్దు, వచ్చి చేరమంటారు, బీ వన్ విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, నిద్రకి మందిచ్చి రోజురోజుకీ తగ్గిస్తారు. నేను 1999లో చేరినప్పుడు దుప్పటి మీద చీమల్ని దులుపుతూనే ఉన్నానంట రాత్రంతా, చీమలు లేవు. నర్సుని మా ఆవిడ పేరు పెట్టి పిలిచానంట. చెప్పింది మా అమ్మాయే, పన్నెండేళ్ళది, స్టూలు మీద కూర్చుని చూసింది. అప్పుడు మానాను. కూతురి కన్నీళ్ళు చూసి కాదు, ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాక భయమేసి. చదివేవాళ్ళకి నచ్చదు ఇది, నువ్వు మాత్రం నచ్చేలా మార్చకు.

సరే, పదమూడో పేజీ. నవంబర్ 6 తుఫాను. దీపావళి నాలుగు రోజులుందనగా, బుధవారం. మీ అమ్మగారు చెప్పారన్నావుగా ఆ రాత్రి గురించి, ఆ గాలి చప్పుడు చాలా బాగా పట్టావు. కోనసీమలో కొబ్బరితోటలకి తోటలే పడిపోయాయి, వెయ్యిమందికి పైగా పోయారు. నీ కథలో తండ్రీ కూతురూ మంచం కింద దూరి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని తెల్లారేదాకా ఉంటారు, తల్లి పోయాక మొదటిసారి ఆయన పిల్లని దగ్గరికి తీసుకుంటాడు. చదివేవాళ్ళు ఏడుస్తారు అక్కడ. నేనూ ఏడ్చాను, వేరే కారణానికి.

నేను ఆ రాత్రి యానాంలో ఉన్నాను. మధ్యాహ్నం హాఫ్ డే పెట్టి బస్సెక్కేటప్పటికే ఆకాశం అదోలా ఉంది, రేడియోలో చెప్తూనే ఉన్నారు, రెండు గంటల్లో వచ్చేస్తాననుకున్నాను. బస్సులు ఆగిపోయాయి. కొట్టు వెనకాల బియ్యం బస్తాల మధ్య పడుకున్నాను, ఇంకో ఐదుగురం, అందరం తాగే ఉన్నాం. తెల్లారాక బయల్దేరితే రోడ్డంతా చెట్లు, ఎక్కుతూ దిగుతూ నీళ్ళల్లో నడుచుకుంటూ ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. పెంకులు సగం లేచిపోయాయి. పిల్ల వాళ్ళమ్మ చీరలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి, పెట్టె మంచం మీదకెక్కించి, బిందెలన్నీ నీళ్ళు పట్టి పెట్టుకుంది. అంత పెట్టె అది ఎలా ఎత్తిందో ఇప్పటికీ తెలీదు నాకు. అర్ధరాత్రి పక్కింటి పిన్నిగారు వచ్చి తీసుకెళ్ళారంట. నేను గుమ్మంలోకి రాగానే నన్ను చూసి ఏడవలేదు, ఎక్కడికెళ్ళావని అడగలేదు. "పిన్నిగారి దగ్గర కొవ్వొత్తులు రెండు తీసుకున్నాను, ఇచ్చేయాలి" అంది. అంతే అంది.

అందుకే చెప్తున్నాను, పదిహేనో పేజీలో నీ పిల్ల ఐ హేట్ యూ నాన్నా అని అరిచి గ్లాసు పగలగొట్టడం తీసెయ్. అరిచే పిల్లలు ఇంకా ఆశ ఉన్నవాళ్ళు. మాది అరవలేదు. ఎనిమిదో క్లాసులో హాస్టల్లో చేరింది, సంక్రాంతి సెలవలకి వచ్చినప్పుడు "మీరు భోంచేశారా" అంది. అంతకుముందు నాన్నా నువ్వు రా, నువ్వు తిను అనే పిల్ల. హాస్టల్లో మర్యాద నేర్పారు కాబోలనుకుని సంతోషించాను కూడా, ఎంత వెధవనో చూడు. వాళ్ళ మేనమామని మాత్రం నువ్వనే అంటోంది. నీ కథకి కావల్సిన గొడవంతా ఆ ఒక్క "మీరు"లో ఉంది. మన భాషలో ఉన్న సదుపాయం అది, వాడుకో.

తుఫాను రాత్రి తండ్రి ఇంట్లో ఉండాలా వద్దా అన్నది నీ ఇష్టం, నీ కథ. ఉంచితే మంచివాడవుతాడు, తీసేస్తే కథ పిల్లదవుద్ది. చివర రాజీ కూడా నీ ఇష్టమే గానీ పద్దెనిమిదో పేజీలో కౌగిలింత అయితే నేను చదవను, ముందే చెప్తున్నా. ఇస్త్రీ సీను ముట్టుకోకు, ఒక్క కామా కూడా మార్చకు. ఎవడైనా ఎడిటర్ ఇంకొంచెం ఫీల్ పెంచమంటే కథ వెనక్కి తెచ్చుకో.

నేను మందు మానేసి ఇరవై అయిదేళ్ళు దాటింది. అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటోంది, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది, మందులు వేసుకున్నారా అని అడుగుతుంది, షుగర్ బిళ్ళల గురించే, అయినా ఆ మాట దాని నోట విన్నప్పుడల్లా నాకు ఓ క్షణం ఊపిరి ఆగుద్ది. మూడు నిమిషాలు మాట్లాడుకుంటాం, నాలుగు దాటితే ఆ వారమంతా నాకు బాగుంటుంది.

నీకు రాస్తుంటే గుర్తొచ్చింది, పిన్నిగారికి ఆ కొవ్వొత్తులు ఇచ్చామో లేదో నాకు తెలీదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది. ఈ ఆదివారం అడుగుదామనుకుంటున్నాను, దానికి గుర్తుండే ఉంటుంది.

ఉంటాను,
బాబాయ్