ఆర్మీ రిజర్వ్ పెన్షన్: ఆ నాలుగు పాయింట్లు ఎక్కడ పోయాయి?

ప్రశ్న: మా అబ్బాయి 2019 జూన్ 14న అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో, అంటే పార్ట్‌టైమ్ సైన్యంలో, చేరాడు. మేం డాలస్‌లో ఉంటాం, వాడు ఉద్యోగం కోసం వర్జీనియా వెళ్లాడు. యూనిట్ మారిన ఏడాది ఎండాకాలం ట్రైనింగ్‌కి వెళ్లలేకపోయాడు. ఆ ఏడాదికి 46 పాయింట్లే పడ్డాయి, అది పెన్షన్ లెక్కలోకి రాదట. యూనిట్‌లో ఒకాయన ‘అదే సర్దుకుంటుందిలే’ అన్నారు. ఇంకొకాయన, రెండేళ్లు డ్రిల్ (వీకెండ్ ట్రైనింగ్) మానేసి, పేరు మాత్రం జాబితాలో ఉండే ఐఆర్‌ఆర్‌లో (ఇండివిడ్యువల్ రెడీ రిజర్వ్) ఉన్నా సర్వీసు నడుస్తుందన్నారు. ఎవరి మాట నమ్మాలి? అసలు దీనికోసం ఇరవై ఏళ్లు ఉండటం అవసరమా? పాయింట్ల కాగితం ఫోటో జత చేశాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఫోటో చూశాను. రిజర్వ్‌లో పెన్షన్ రావాలంటే ఇరవై ‘గుడ్ ఇయర్స్’ కావాలి. గుడ్ ఇయర్ అంటే ఆ ఏడాదిలో కనీసం 50 పాయింట్లు. రిజర్వ్‌లో ఉన్నందుకే ఏడాదికి 15 ఇస్తారు. ఒక డ్రిల్ సెషన్‌కి ఒకటి. వీకెండ్‌లో మామూలుగా నాలుగు సెషన్లు కాబట్టి నాలుగు. యాక్టివ్ డ్యూటీలో, అంటే పూర్తికాలం డ్యూటీ చేసే రోజుల్లో, రోజుకొకటి. ఏ గొడవా లేని ఏడాదిలో 48 డ్రిల్స్, రెండు వారాల ట్రైనింగ్, ఈ 15 కలిసి 75 దాటిపోతాయి. మీవాడి కాగితంలో ఆ ఏడాది 15, డ్రిల్స్ 31, యాక్టివ్ డ్యూటీ సున్నా. తక్కువైనవి సరిగ్గా నాలుగు, అంటే ఒక వీకెండ్.

నాకు అనుమానం అక్కడే వచ్చింది. యూనిట్ మారేటప్పుడు పాత యూనిట్‌లో చేసిన చివరి డ్రిల్‌నో, కొత్త యూనిట్ లెక్కలో ఎక్కకముందు వాళ్లతో చేసిన డ్రిల్‌నో ఎవరూ ఎక్కించకపోవడం కొత్తేమీ కాదు. ఆ ఏడాది జీతం స్లిప్పులు, వాళ్ల భాషలో ఎల్‌ఈఎస్‌లు, నెలవారీగా తీసి పాయింట్ల కాగితం పక్కన పెట్టుకోమనండి. డబ్బు పడి పాయింట్ పడని వీకెండ్ ఒక్కటి దొరికినా పని సగం అయినట్టే. డబ్బు లేకుండా హాజరై ఉంటే ఆ హాజరు రాసే డీఏ ఫారం 1380 నింపి ఇచ్చారా లేదా చూడాలి. అది సంతకంతో పై ఆఫీసుకు వెళ్లకపోతే ఆ హాజరు లెక్కలో ఉండదు.

ఒక జాగ్రత్త. ఏడాది అంటే జనవరి నుంచి కాదు, ప్రభుత్వ బడ్జెట్ ఏడాదిలా అక్టోబర్ నుంచీ కాదు. మధ్యలో సర్వీసు తెగిపోకపోతే, మీవాడి ఏడాది జూన్ 14న మొదలై మరుసటి జూన్ 13తో ముగుస్తుంది. ఎండాకాలం ట్రైనింగ్ జూన్ చివరికి జరిగితే ఆ పాయింట్లు పక్క ఏడాదిలోకి పోతాయి. చాలామంది దెబ్బతినేది ఈ తేదీల దగ్గరే.

‘అదే సర్దుకుంటుంది’ అన్నాయన మంచివాడే అయి ఉండొచ్చు, కానీ పాయింట్లు వాటంతట అవి సర్దుకోవు. కాగితాలు యూనిట్ అడ్మినిస్ట్రేటర్ ద్వారా వెళ్లాలి. రికార్డులు ఉండేది ఫోర్ట్ నాక్స్‌లోని హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్‌లో. అడిగింది ఈమెయిల్‌లో అడగమనండి, జవాబూ ఈమెయిల్‌లోనే తెప్పించుకోమనండి. ‘ఏ రెగ్యులేషన్‌లో ఉంది సార్?’ అని మర్యాదగా ఒక్క మాట చాలు. పాయింట్లకు ఏఆర్ (ఆర్మీ రెగ్యులేషన్) 140-185, రిజర్వ్ రిటైర్మెంట్‌కు ఏఆర్ 135-180. తెలిసినవాళ్లు పేరా చూపిస్తారు, తెలియనివాళ్లు కనుక్కుని చెప్తామంటారు. కోపం తెచ్చుకుంటే ఇంకొకర్ని అడగాలి. పైస్థాయిలో రిటైర్మెంట్ సర్వీసెస్ ఆఫీసర్ అని ఉంటారు, వాళ్ల పనే ఇది. ఎంత తిరిగినా తేలకపోతే డీడీ ఫారం 149తో రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లొచ్చు. తప్పు తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు వెళ్లాలి.

ఏమీ దొరకలేదనుకోండి, టెన్షన్ పడకండి. ఆ ఏడాది ఇరవైలో లెక్కకు రాదు, అంతే. ఆ 46 పాయింట్లు మాత్రం పోవు, పెన్షన్ డబ్బు లెక్కలో కలుస్తాయి. చివర్లో ఇంకో ఏడాది ఎక్కువ చేయాల్సి వస్తుంది.

రెండో ఆయన మాట సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. ఐఆర్‌ఆర్‌లో ఉన్న కాలం చేరేటప్పుడు రాసే ఎనిమిదేళ్ల మొత్తం ఒప్పందంలో కలుస్తుంది, జీతం స్కేలుకు సీనియారిటీగానూ పనికొస్తుంది. పెన్షన్‌కు వచ్చేసరికి, అక్కడ ఊరికే కూర్చుంటే ఏడాదికి ఆ 15 పాయింట్లే. ఆమోదం ఉన్న దూరవిద్య కోర్సుల్లాంటివి చేసి మిగతా 35 తెచ్చుకుంటే తప్ప అది గుడ్ ఇయర్ కాదు. రెండేళ్లు విశ్రాంతి కావాలంటే తీసుకోమనండి, అవి పెన్షన్‌కు రావని తెలిసి తీసుకోవాలి.

ఇక అవసరమా అన్న సంగతి. మీవాడు 2018 తర్వాత చేరాడు కాబట్టి పెన్షన్, పొదుపు రెండూ కలిసిన కొత్త బ్లెండెడ్ పద్ధతి వర్తిస్తుంది. మొత్తం పాయింట్లను 360తో భాగిస్తే వచ్చిన ఏళ్లకు, ఏడాదికి 2 శాతం చొప్పున. ఇరవై ఏళ్లకు 1,800 పాయింట్లు అయ్యాయనుకుందాం. అంటే ఐదేళ్లు, 10 శాతం. లెక్కకు తీసుకునే మూల వేతనం సగటు నెలకు 6,000 డాలర్లు అనుకుంటే పెన్షన్ 600 డాలర్లు. అదీ మామూలుగా 60 ఏళ్లు నిండాకే, అదీ దరఖాస్తు పెట్టుకుంటేనే. సాఫ్ట్‌వేర్ జీతం తీసుకునే కుర్రాడికి ఈ అంకె చూపించి ‘ఉండు నాన్నా’ అంటే నవ్వుతాడు.

నా ఉద్దేశంలో కేవలం ఆ 600 కోసం ఉండనక్కర్లేదు. డ్రిల్ చేస్తున్నంతకాలం కుటుంబానికి చవకగా దొరికే ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ హెల్త్ ఇన్సూరెన్స్, టీఎస్‌పీ అనే రిటైర్మెంట్ పొదుపులో మూల వేతనం మీద 5 శాతం దాకా ప్రభుత్వ వాటా, 60 తర్వాత ట్రైకేర్ అనే సైన్యం హెల్త్ ఇన్సూరెన్స్, ఇవి కలిపి చూడాలి. వర్జీనియాలో ఫెడరల్ ఉద్యోగాలు ఎక్కువ కాబట్టి ఇంకో మాట: రేపు ఫెడరల్ ఉద్యోగంలో చేరితే, అక్కడి హెల్త్ ప్లాన్‌కు అర్హత ఉన్నవాళ్లకు 2030 దాకా ఆ ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ ఇవ్వరు. ఇవన్నీ చూశాక కూడా ప్రతి డ్రిల్ వీకెండ్ వాడికి భారంగానే ఉంటే, కాంట్రాక్ట్ పూర్తిచేసి బయటికి రావడంలో నాకు తప్పేమీ కనిపించదు.

ఉంటే మాత్రం ఏ డ్యూటీ ఆర్డర్ కాగితాన్నీ పారేయొద్దనండి. కొన్ని రకాల యాక్టివ్ డ్యూటీలో మొత్తం ప్రతి 90 రోజులకు పెన్షన్ వయసు మూడు నెలలు తగ్గుతుంది, 50 కంటే కిందికి రాదు. ఏ డ్యూటీ వర్తిస్తుందన్నది ఏ చట్టం సెక్షన్ కింద పిలిచారన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ సెక్షన్ ఆర్డర్ మీదే రాసి ఉంటుంది.

వచ్చే డ్రిల్‌కి ఆ ఏడాది ఎల్‌ఈఎస్‌లు, పాయింట్ల కాగితం ప్రింటు తీసుకెళ్లమనండి. యూనిట్‌కి మీరు ఫోన్ చేయకండమ్మా, అతని అనుమతి లేకుండా వివరాలు మీకు చెప్పరు.