బీబీసీ రేడియో 1 పొద్దుటి షోకి కొత్త ప్రెజెంటర్‌ని ఎవరు, ఎలా ఎంచుకుంటారు?

స్టేషన్ హెడ్, పైనున్న బీబీసీ యాజమాన్యం కలిసి నిర్ణయిస్తారు. శ్రోతల ఓటింగ్ లాంటిదేమీ ఉండదు.

వాళ్లు ముందు చూసేది పేరు కాదు, వయసు. అంటే ప్రెజెంటర్ వయసు ఒక్కటే కాదు, ఎవరు వినాలి అన్నది. రేడియో 1 గురి 15 నుంచి 29 ఏళ్లవాళ్ల మీద. పొద్దున పళ్లు తోముకుంటూ రేడియో పెట్టినవాళ్లు చాలామంది ఆ తర్వాత స్టేషన్ మార్చరు, అందుకే పొద్దుటి గొంతు విషయంలో అంత తర్జనభర్జన.

2004 నుంచి ఆ షో చేసిన క్రిస్ మోయిల్స్‌కి బోలెడంత ఆదరణ ఉండేది. అయినా 2012లో 38 ఏళ్ల మోయిల్స్ స్థానంలో 28 ఏళ్ల నిక్ గ్రిమ్‌షా వచ్చాడు. మోయిల్స్‌తోపాటే శ్రోతలూ పెద్దవాళ్లయిపోయారు మరి!

చాలామంది పొరబడేది ఇక్కడే: శ్రోతలు తగ్గితే ఎంపిక బెడిసికొట్టినట్టే అనుకుంటారు. గ్రిమ్‌షా వచ్చాక సంఖ్య తగ్గిన మాట నిజమే. కానీ 30 దాటినవాళ్లు, పెద్దవాళ్ల కోసం బీబీసీ నడిపే రేడియో 2 వైపు జరగడం రేడియో 1కి కావలసిందే. బీబీసీ నడిచేది బ్రిటన్‌లో టీవీ చూసే ఇళ్లవాళ్లు కట్టే లైసెన్స్ ఫీజుతో, ప్రకటనలతో కాదు కాబట్టి ఆ తెగింపు కుదిరింది. గ్రిమ్‌షా 2018 దాకా కొనసాగాడు. తర్వాత ఆ షో, అప్పటికే అదే స్టేషన్‌లో సాయంత్రం షో చేస్తున్న గ్రెగ్ జేమ్స్‌కి వెళ్లింది.